స్విఫ్ట్ ముందు సస్పెన్షన్ ఇంట్లో మార్చుకోవచ్చు, స్ప్రింగ్ పని తప్ప

మీరు అడిగింది: 2014 స్విఫ్ట్, గుంతల్లో ముందు చక్రాల దగ్గర టక్ టక్ చప్పుడు. కంపెనీవి కాకుండా బయటి బ్రాండ్ లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింది నుంచి కారు అడుగుకు కలిపే చేతులు), లింక్ రాడ్లు (కారు పక్కకు ఒరగకుండా చూసే స్టెబిలైజర్ బార్‌ను సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీలు), షాక్ అబ్జార్బర్లు కొనిపెట్టుకున్నారు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సొంతంగా వేసుకోవచ్చా, పనిలో పనిగా కారు కాస్త ఎత్తుగా ఉండేలా స్పేసర్లు కూడా పెట్టుకోవచ్చా అని.

ఆర్మ్‌లు, లింక్ రాడ్లు నిశ్చింతగా వేసుకోవచ్చు. మా స్విఫ్ట్‌కి, తర్వాత మా బావగారి కారుకి నేను ఇంటి దగ్గరే వేశాను. షాక్ అబ్జార్బర్ల విషయంలో సగం పనే ఇంట్లో చేయండి, ఎందుకో కింద చెప్తాను. స్పేసర్ల ఆలోచన మాత్రం మానుకోండి. ఎత్తు పెరిగితే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని చక్రానికి చేర్చే కడ్డీ) జాయింట్లు ఎప్పుడూ వంకరగానే తిరుగుతాయి, త్వరగా అరుగుతాయి. బండిలో చేసే మార్పులకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 హద్దులు పెట్టింది కూడా.

విప్పేముందు చప్పుడు ఎక్కడిదో తేల్చుకోండి. బండి ఆపి ఉంచి ఒకరిని స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా తిప్పమనండి. మీరు బానెట్ ఎత్తి స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు భాగం) పైభాగం మీద చెయ్యి ఆనించండి. చేతికి టంగుమని అదురు తగిలితే స్ట్రట్‌ను బాడీకి పట్టే మౌంట్, దాని కింద బేరింగ్ పోయినట్టే. అవి కూడా కొనకపోతే మళ్లీ ఇదంతా విప్పాలి. చిన్న చిన్న గతుకుల్లో టకటకమంటుంటే ఎక్కువసార్లు లింక్ రాడ్డే. చేత్తో పట్టుకుని ఊపితే లూజు తెలిసిపోతుంది. బ్రేక్ కొట్టినప్పుడు ఒక్కసారి గట్టిగా 'డక్' అంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) చూడండి.

ఇక కారు ఎత్తడం. డిక్కీలో కంపెనీ ఇచ్చిన జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టకండి. ఇటుకలు, సిమెంట్ దిమ్మెలు కూడా వద్దు, అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి. ఒక ట్రాలీ జాకీ, కారు బరువు మోసే రెండు స్టాండ్లు కావాలి. సెల్లార్‌లో ర్యాంపు దగ్గర వాలు ఉంటుంది, చదునైన చోటు చూసుకోండి. హ్యాండ్ బ్రేక్ వేసి వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి. ముందు రెండు చక్రాలూ ఒకేసారి గాల్లో ఉండాలి. ఒక్క పక్కే ఎత్తితే స్టెబిలైజర్ బార్ మెలిపడి లింక్ రాడ్‌ను బిగదీసి పట్టుకుంటుంది. రెండూ వేలాడుతుంటే తేలిగ్గా వచ్చేస్తుంది.

లింక్ రాడ్ నట్టు తిప్పుతుంటే లోపలి పిన్ను కూడా తిరుగుతుంది. పిన్ను చివర గుంట ఉంటే అందులో ఎలెన్ కీ పెట్టి ఆపి, పానాతో నట్టు తిప్పండి. తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి.

లోయర్ ఆర్మ్ చివరి బాల్ జాయింట్‌ను నకల్‌లో (చక్రం బిగించే ఇనుప దిమ్మె) ఒక బోల్టు అడ్డంగా పట్టుకుని ఉంటుంది. ఆ బోల్టు పిన్ను గాడిలోంచి వెళ్తుంది కాబట్టి లూజు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. తర్వాత నకల్ చీలికలో ఉలి లాంటిది మెల్లగా దిగ్గొడితే పట్టు వదులుతుంది. ఆర్మ్ ఊడాక నకల్‌ను బయటికి లాగకండి, డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడి వచ్చే ప్రమాదం ఉంది. కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను పట్టే భాగం) తీయాల్సి వస్తే బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టండి.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని చాలా షెడ్లలో కూడా పట్టించుకోరు, నాకు బాధ కలిగించేది కూడా ఇదే. కొత్త ఆర్మ్ బిగించేటప్పుడు సబ్‌ఫ్రేమ్ (కారు కింద ఉండే ఇనుప చట్రం) వైపు బుష్ బోల్టులు చేత్తో తిరిగినంతవరకే పెట్టి వదిలేయండి. చక్రం వేలాడుతుండగా ఫుల్లుగా బిగించకండి. బుష్‌లోని రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది, జారి తిరగదు, మెలిపడుతుంది. ఆర్మ్ కిందికి వేలాడుతున్నప్పుడు బిగిస్తే ఆ స్థితి దానికి మామూలు స్థితి అయిపోతుంది. కారు నేల మీదికి దిగగానే ఆర్మ్ పైకి లేచి, రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. కొన్ని నెలల్లోనే చీలుతుంది, పాత చప్పుడు మళ్లీ మొదలవుతుంది. అప్పుడు అందరూ 'బయటి పార్ట్ కదా, ఇంతే' అంటారు. పార్ట్ తప్పేమీ ఉండదు.

అందుకని మిగతావన్నీ బిగించాక, బాల్ జాయింట్ దగ్గర ఆర్మ్ కింద జాకీ పెట్టి, ఆ పక్క కారు స్టాండ్ మీంచి వెంట్రుకవాసి లేచేదాకా ఎత్తండి. కారు బరువు ఇప్పుడు సస్పెన్షన్ మీద ఉంది. ఈ స్థితిలోనే టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో చూపే పానా) మీ మోడల్ మాన్యువల్ చెప్పిన అంకెకు బిగించండి. స్టాండు మాత్రం కిందే ఉండాలి. పాత నైలాన్ నట్లు మళ్లీ వాడకండి.

షాక్ అబ్జార్బర్ల దగ్గరికి వస్తే, స్ట్రట్‌ను మొత్తంగా ఊడదీయడం మీరు చేయగలరు. బ్రేక్ గొట్టం, సెన్సర్ వైరు క్లిప్పులు తీసి, కింద నకల్ బోల్టులు రెండూ, పైన బాడీకి పట్టిన నట్లూ విప్పితే చాలు. నడిమి పెద్ద నట్టు జోలికి మాత్రం పోకండి. కారు ముందు భాగాన్ని మోసే స్ప్రింగ్‌ను నొక్కి పట్టి ఉంచేది అదే. విప్పితే స్ప్రింగ్ ఎగిరి మొహం పగలగొడుతుంది. స్ప్రింగ్‌ను నొక్కిపట్టే సన్నరకం కంప్రెసర్లు జారిన సందర్భాలు ఆటోనగర్ మెకానిక్‌లు చెప్పగా విన్నాను. స్ట్రట్‌లు రెండూ సంచిలో వేసుకుని విజయవాడ ఆటోనగర్ లాంటి చోటికి, గోడకు బిగించిన కంప్రెసర్ ఉన్న షాపుకి తీసుకెళ్లండి. కొత్త వాటిలోకి స్ప్రింగ్ మార్పించి తెచ్చుకోండి. షాక్ అబ్జార్బర్ రాడ్‌ను ప్లయర్‌తో పట్టనివ్వకండి. గీత పడితే ఆయిల్ సీల్ కోసుకుపోయి కారుతుంది. బంప్ స్టాపర్, డస్ట్ బూట్ అప్పుడే కొత్తవి వేయించండి.

అన్నీ అయ్యాక చక్రాలు పెట్టేముందు స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పి, బ్రేక్ గొట్టం ఎక్కడా సాగకుండా, దేనికీ రాసుకోకుండా ఉందో లేదో చూడండి. నకల్ బోల్టు రంధ్రాల్లో కాస్త వెసులుబాటు ఉంటుంది కాబట్టి క్యాంబర్ (చక్రం నిలువు వాలు), టో (చక్రం చూసే దిశ) రెండూ మారతాయి. నేరుగా అలైన్‌మెంట్‌కి వెళ్లండి, దారిలో స్పీడుగా పోకండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ ఒకసారి టార్క్ చూసుకోండి. అప్పటికీ టక్ టక్ ఆగకపోతే సస్పెన్షన్ వదిలేసి స్టీరింగ్ రాక్, టై రాడ్ వైపు వెతకండి.