ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఆ ఎకరం ఏ జోన్‌లో ఉందో చూడండి

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీలు, కార్లు విప్పి పార్టులు, ఇనుము అమ్మే షెడ్డులో 16 ఏళ్లుగా పనిచేస్తున్నాను. వయసు 41. ఎఫ్‌డీలు 24 లక్షలు ఉన్నాయి. సొంత ఇంటి మీద అప్పు లేదు. పాప ఇంటర్, బాబు ఎనిమిదో తరగతి. గన్నవరం వైపు ఎకరం స్థలం మూడేళ్ల లీజుకు వస్తోంది. అద్దె నెలకు 25 వేలు, అడ్వాన్సు 3 లక్షలు. భూమి కన్వర్షన్ ఎప్పుడో అయిపోయిందని, పంచాయతీ లైసెన్సు ఒక్కటి ఉంటే చాలని యజమాని అంటున్నారు. ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షలు తీసుకుని సొంత యార్డు పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు. కానీ ఇప్పుడే కాదు, ఇల్లు తాకట్టు పెట్టి అసలే వద్దు. మీ పనితనం మీద నాకు సందేహం లేదు. ఏ బండిలో ఏ పార్టుకు ఎంత వస్తుందో 16 ఏళ్లుగా చూసినవారు మీరు. నా భయమంతా ఆ స్థలం గురించే.

యజమాని చెప్పిన కన్వర్షన్ రెవెన్యూ శాఖకు సంబంధించింది. సాగు భూమిని సాగేతర అవసరానికి మార్చారని దానికి అర్థం. అక్కడ బండ్లు కోసే యార్డు పెట్టొచ్చా లేదా అన్నది మాస్టర్ ప్లాన్‌లోని జోన్‌ను బట్టి ఉంటుంది. గన్నవరం సీఆర్‌డీఏ (అమరావతి ప్రాంత ప్లానింగ్ చూసే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలోది. ఆ సర్వే నంబరు పారిశ్రామిక జోన్‌లో ఉందా, నివాస జోన్‌లోనా, వ్యవసాయ పరిరక్షణ జోన్‌లోనా అన్నది సీఆర్‌డీఏ నుంచి కాగితం మీద తీసుకోండి. పంచాయతీ లైసెన్సు వ్యాపారానికే. అది చేతిలో ఉన్నంత మాత్రాన జోన్ మారదు. ఈ మూడూ ఒకటే అనుకుని నష్టపోయినవాళ్లను చూశాను. నా దగ్గరికి వచ్చిన ఒకాయన షెడ్డు, గోడ, కరెంటు మీటరు అన్నీ పూర్తి చేశాక పక్క పొలాలవాళ్లు ఫిర్యాదు చేశారు. అప్పుడు తెలిసింది, అది వ్యవసాయ జోన్ అని. ఆయన అప్పు ఇంకా తీరలేదు.

ఇక మీ పని మీద కేంద్రం చట్టం కూడా ఉంది. 2021 సెప్టెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం కాలం తీరిన బండిని తుక్కు చేయడానికి రవాణా శాఖ వద్ద రిజిస్ట్రేషన్ ఉండాలి. దరఖాస్తు ఫీజు లక్ష రూపాయలు, అది తిరిగి రాదు. దానితో పాటు 10 లక్షలకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. కొత్త వ్యాపారికి గ్యారంటీ ఇచ్చేటప్పుడు బ్యాంకులు మామూలుగా ఎఫ్‌డీ మీద లీన్ (మీరు తీసుకోకుండా బ్యాంకు పట్టి ఉంచే హక్కు) పెట్టుకుంటాయి. అంటే ఒక్క బండి కూడా కోయకముందే మీ 24 లక్షల్లో 10 లక్షలు కదలకుండా ఉండిపోవచ్చు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతీ కావాలి. ఆయిల్, కూలెంట్, బ్యాటరీ, ఏసీ గ్యాస్ ముందుగా తీసేయాలి, చుక్క నూనె కూడా నేలలోకి దిగకూడదు. కాంక్రీటు నేల, ఆయిల్ ట్రాపుతో (నీటిలోంచి నూనెను ఆపే తొట్టితో) డ్రైన్లు, సీసీ కెమెరాలు అన్నీ పెట్టుబడిలోకే వస్తాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి కాలం తీరిన వాహనాల మీద పర్యావరణ నిబంధనలు కూడా అమల్లోకి వచ్చాయి.

ఇంత ఖర్చు పెడితే లాభం ఉందా అని అడుగుతారు. ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, అవి రిజిస్టర్డ్ తుక్కు కేంద్రాలకే వెళ్లాలి. బండిని తుక్కుకు అప్పగించినట్టు ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ ఇవ్వగలిగేదీ వాళ్లే. కొత్త బండి కొన్నప్పుడు దాని మీద పన్ను రాయితీ వస్తుంది కాబట్టి జనం కూడా అక్కడికే వస్తారు.

ఇప్పుడు లెక్క చూడండి. 40 లక్షలు పదేళ్లకు, 10 శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ దాదాపు 53 వేలు. అద్దెతో కలిపి నెలకు 78 వేలు. అనుమతులకు ఎనిమిది నెలలు పట్టిందనుకోండి, పైసా రాబడి లేకుండా 6 లక్షలకు పైగా పోతుంది. పాప డిగ్రీ ఫీజు కట్టాల్సిందీ సరిగ్గా అప్పుడే. ఆ టెన్షన్‌లో ఆర్సీ లేని బండి ఎవరైనా సగం ధరకు తెస్తే వద్దనడం కష్టమవుతుంది. దొంగ బండి అయితే కేసు మీ మీదే పడుతుంది.

ముందు ఉద్యోగం వదలకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, పాప ఫీజు వేరే ఎఫ్‌డీలో పెట్టి, దాన్ని ముట్టుకోకండి. మీ పేరున టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. రిజిస్ట్రేషన్ ఉన్న కేంద్రం తరఫున పాత బండ్లు సేకరించి పంపే పని దొరుకుతుందేమో అడగండి. పెట్టుబడి తక్కువ, ఈ చట్టం ఎలా నడుస్తుందో దగ్గరగా తెలుస్తుంది. సొంతానికి వెళ్లే రోజున ఉచితంగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) చేసుకుని, సీజీటీఎంఎస్‌ఈ (చిన్న వ్యాపారాల అప్పులకు హామీ ఉండే ట్రస్టు) గ్యారంటీ మీద ఆస్తి తాకట్టు లేకుండా అప్పు ఇస్తారా అని మీ బ్యాంకును అడగండి. పారిశ్రామికవాడలో ప్లాటు దొరికితే ఇంకా మంచిది. అద్దె ఎక్కువైనా జోన్ గొడవ ఉండదు, ఇంటి చుట్టుపక్కలవాళ్ల ఫిర్యాదులూ తక్కువ.

గన్నవరం స్థలమే కావాలంటే మూడేళ్ల లీజు చాలదు. రవాణా శాఖ రిజిస్ట్రేషన్ పదేళ్లకు ఇస్తారు, లీజు కూడా అంతే ఉండాలి, రిజిస్టర్ చేయించాలి. జోన్ అనుకూలంగా లేకపోయినా, కాలుష్య మండలి కాదన్నా అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తానని అగ్రిమెంట్‌లో రాయించండి. అలా రాయడానికి యజమాని ఒప్పుకోకపోతే ఆ 3 లక్షలు ఇవ్వకండి.