తక్కువ ఖర్చుతో మెడిటరేనియన్ తీరం చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి? నా ఓటు అల్బేనియాకే

జర్మనీలో చదువుకుంటున్నాను, చేతిలో డబ్బులు తక్కువ, ఇటలీ గ్రీసు కాకుండా సముద్రం ఉన్న చౌకైన చోటు చెప్పండి అని అడిగారు. అల్బేనియా దక్షిణ తీరానికి వెళ్ళండి. వ్లోరా నుంచి సరాండా దాకా ఒక పక్క నిటారు కొండలు, ఇంకో పక్క మెడిటరేనియన్‌లో భాగమైన అయోనియన్ సముద్రం. సరాండా ఒడ్డున నిలబడితే ఎదురుగా కనిపించేది గ్రీసు వాళ్ళ కోర్ఫు దీవే, స్పీడ్ ఫెర్రీలో అరగంట. అవే నీళ్ళు, అదే ఎండ, బిల్లు మాత్రం వేరు.

కానీ ఇన్‌స్టాలో 'యూరప్ మాల్దీవులు' అని రీల్ చూసి ఆగస్టులో సరాండా దగ్గరున్న క్సమిల్ బీచ్‌కి వెళ్తే మాత్రం తర్వాత నన్ను తిట్టుకోకండి. అక్కడ ఇసుక కనిపించనంతగా గొడుగులూ పడక కుర్చీలే, వాటిలో కూర్చున్నందుకే డబ్బులు. మనవాళ్ళతో నాకున్న గొడవ ఇదే. చౌకగా వెళ్ళాలంటారు, అందరూ వెళ్ళే నెలలో అందరూ వెళ్ళే బీచ్‌కే వెళ్తారు, పైగా నాలుగు రోజుల్లో ఎనిమిది ఊళ్ళు చూడాలంటారు. సగం డబ్బు టాక్సీలకే పోతుంది. సెప్టెంబరులో వెళ్ళి ఒకే ఊళ్ళో ఉంటే ఖర్చు దానంతటదే తగ్గుతుంది. మేమలాగే బోర్ష్‌లో ఉన్నాం. పొడవాటి బీచ్, దాని వెనకే ఆలివ్ తోటలు, ఒక ఇంటివాళ్ళు పైఅంతస్తు గది ఇద్దరికీ కలిపి రోజుకు 25 యూరోలకి ఇచ్చారు. ఉదయం వాళ్ళ పెరట్లో కాసిన అత్తిపళ్ళు అడక్కుండానే బల్ల మీద పెట్టేవాళ్ళు.

అక్కడికి చేరడమే ఒక కథ. సరాండాలో ఫుర్గాన్ ఎక్కాం. ఫుర్గాన్ అంటే మన షేర్ ఆటోకి పెద్దన్న లాంటి వ్యాన్, చాలాసార్లు నిండితే గానీ కదలదు. మనుషులు నిండాక సిమెంటు బస్తా ఒకటి ఎక్కింది, ఆ తర్వాత డ్రైవర్ కాఫీకి వెళ్ళాడు. కాఫీ తాగి వచ్చి, ఐదు వేళ్ళు చూపించి ఇటాలియన్‌లో తలకి ఐదు వేలు అన్నాడు. ఒక యూరోకి వాళ్ళ డబ్బులో సుమారు 100 లెక్‌లు వస్తాయి. మా రూమ్మేట్ గుంటూరువాడు, లెక్కల్లో చురుకు, "తలకి యాభై యూరోలట్రా, దిగు దిగు" అని తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి వచ్చి ఏకంగా పోలీసుల దాకా వెళ్ళిపోయాడు. డ్రైవర్‌కి ఒక్క ముక్కా అర్థం కాలేదు, అతనూ గొంతు పెంచాడు. నా పక్కన చీజ్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలావిడ కాసేపు చూసి, మావాడి చేతిలోని నోట్లు లాక్కుని, రెండు 500 నోట్లు తీసి డ్రైవర్‌కి ఇచ్చి, మిగతావి మడిచి మావాడి జేబులోనే కుక్కింది. వ్యాన్ అంతా నవ్వు. మావాడు బోర్ష్ దాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

సంగతేంటంటే, 1965లో వాళ్ళ కరెన్సీలో ఒక సున్నా తీసేశారు, కానీ జనం నోట్లో ఇంకా పాత లెక్కే నడుస్తోంది. ఐదు వేలంటే 500 అన్నమాట. బోర్డు మీదా మెనూలోనూ రాసి ఉండేది కొత్త ధరే, కాబట్టి నోటితో చెప్పింది మరీ ఎక్కువ అనిపిస్తే ఒక సున్నా కొట్టేసి చూడండి. నన్నడిగితే ఆ తీరంలో మోసం చేసేవాళ్ళు టాక్సీవాళ్ళు తప్ప ఎవరూ లేరు.

శాకాహారులకి బాధ లేదు. పాలకూర, చీజ్ పెట్టి పొరలు పొరలుగా కాల్చిన బురెక్ ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. తిండి గురించి ముందే టెన్షన్ పడి సూట్‌కేసులో రైస్ కుక్కర్ మోసుకొచ్చి, విమానం దగ్గర దాని బరువుకి డబ్బు కట్టేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. ఆ డబ్బుతో అక్కడ రెండు రోజులు తినొచ్చు.

ఒక పూట బుట్రింట్‌కి కేటాయించండి, సరాండా నుంచి బస్సుంది. గ్రీకులు, రోమన్లు, బైజాంటైన్లు, వెనీషియన్లు ఒకరి తర్వాత ఒకరు కట్టిన పాత ఊరది, 1992 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. దారిలో కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా కాలంనాటి కాంక్రీటు బంకర్లు పుట్టగొడుగుల్లా కనిపిస్తాయి.

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే మన పాస్‌పోర్టుకి విడిగా అల్బేనియా వీసా అక్కర్లేదు, అయినా టికెట్ కొనేముందు ఒకసారి సరిచూసుకోండి. అది యూరోపియన్ యూనియన్ దేశం కాదు కాబట్టి మీ జర్మన్ సిమ్ రోమింగ్ అక్కడ ఫ్రీ అనుకోకండి, దిగగానే డేటా ఆపేసి లోకల్ సిమ్ కొనండి. నగదు కూడా సరాండాలోనే తీసుకుని బయల్దేరండి, చిన్న ఊళ్ళలో చాలాచోట్ల కార్డు నడవదు.