మోకాలి ఆపరేషన్ తర్వాత అమ్మ నిద్ర

అమ్మలూ,

మోకాలు బాగానే వంగుతోంది కానీ రాత్రిళ్లు అమ్మకి కంటి మీద కునుకు లేదని రాశావు. టెన్షన్ పడకు. ఇన్నేళ్లు ఎముకల వార్డులో నర్సుగా చేసినదాన్ని, చూస్తూనే వచ్చాను. మోకాలి కీలు మార్చాక నొప్పి కాస్త సర్దుకున్నా, నిద్ర గాడిన పడటానికి వారాలు పడుతుంది. కొందరికి రెండు మూడు నెలలు కూడా. ఈ సంగతి ముందే తెలియక ఇంట్లోవాళ్లు పేషెంటు మీద విసుక్కుంటారు. నువ్వు విసుక్కోకు.

కోత పడిన ఒంట్లో వాపు, ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. మొదటి ఒకటి రెండు రాత్రులు గాఢనిద్ర, కలలొచ్చే నిద్ర బాగా తగ్గిపోతాయి. ట్రమడాల్ లాంటి నొప్పి మందులూ వాటినే తగ్గిస్తాయి. ఆ తర్వాత, ఆగిపోయిన కలల నిద్ర ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఆసుపత్రిలో నాలుగో రాత్రి అమ్మ పీడకలతో అరిచి లేచిందన్నావే, చాలావరకు అందుకే అయ్యుంటుంది.

డాక్టరుని అడిగి నొప్పి మాత్ర ఒకటి పడుకునే ముందు పడేలా వేళ మార్పించు. ఐసు ప్యాకు తువ్వాలులో చుట్టి పావుగంట పెట్టు. దిండు మాత్రం మోకాలి కింద వద్దు. హాయిగా ఉందని అమ్మ అడుగుతుంది, అయినా ఇవ్వకు. కీలు వంగినట్టే బిగుసుకుపోయి, తర్వాత కాలు తిన్నగా చాపలేకపోతుంది. మడమ దగ్గర పెట్టు. పక్కకి తిరిగితే రెండు కాళ్ల మధ్య పెట్టు.

పగలంతా టీవీ ముందు జోగితే రాత్రి నిద్ర ఎక్కణ్నుంచి వస్తుంది? పొద్దున్నే ఎండలో కూర్చోబెట్టు, వాకరుతో వరండాలో నడిపించు, మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకు. సాయంత్రం టీ మానిపించు. గొడవ చేస్తే అక్క చెప్పిందను.

పక్కింటావిడ చెప్పిన నిద్రమాత్ర మెడికల్ షాపులో కొనేసి వెయ్యొద్దు. ట్రమడాల్‌తో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. అమ్మకి గురక ఉంది, మధ్యలో ఊపిరి ఆగినట్టు కూడా అవుతుంది కదా, ఆ సంగతి డాక్టరుకి చెప్పారా? ఎక్కడున్నదీ తెలియకుండా సంధిమాటలు మాట్లాడినా, పిక్క వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకి ఫోను చెయ్యి. ఆయాసం వస్తే ఫోను కోసం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు.

రాత్రి కాపలా నువ్వూ తమ్ముడూ వంతులేసుకోండి. కుట్లు విప్పించడానికి వెళ్లినప్పుడు నిద్ర సంగతి నువ్వే చెప్పు. అమ్మనడిగితే బాగానే ఉన్నానంటుంది.

మీ పెద్దమ్మ