అప్‌డేట్ ఆగిందని ఫార్మాట్ కొట్టించకండి

ప్రశ్న: మాది జనగామలో చిన్న డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, బిల్లు బుక్కులు చేస్తాం. విండోస్ 10 నుంచి 11కి మారదామని మూడుసార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ కొంతదూరం వెళ్లి, సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ను అప్‌డేట్ చేయలేకపోయామని ఇంగ్లీషులో ఒక మెసేజ్ చూపించి వెనక్కి వచ్చేస్తోంది. కింద సీ1900104 అనే కోడ్ ఉంది. సీ డ్రైవ్‌లో 140 జీబీ ఖాళీ ఉంది. సిస్టమ్ ఎనిమిదో తరం ఐ3. రెండేళ్ల కిందట పాత హార్డ్ డిస్క్ తీసేసి, ఉన్నది ఉన్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేయించాం. ఇక్కడి మెకానిక్ ఫార్మాట్ ఒక్కటే దారి అంటున్నాడు. పత్రికలు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు మళ్లీ ఎక్కించుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, జనగామ

జవాబు: ముందు మీ మెకానిక్‌కు ఒక టీ తాగించి పంపించండి. ఫార్మాట్ అవసరం పడకపోవచ్చు.

మెసేజ్‌ను అక్షరం పొల్లుపోకుండా రాసి పంపారు, సగం పని అక్కడే అయిపోయింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందిలో తొమ్మిది మంది ‘ఏదో ఎర్రర్ వచ్చిందన్నా’ అంటారు. ఏం ఎర్రర్ అంటే ‘ఇంగ్లీషులో ఉంది’ అంటారు.

సీ డ్రైవ్‌లో 140 జీబీ ఉన్నా లాభం లేదు. గోడౌనంతా ఖాళీగా ఉన్నా, గడప దగ్గర చెప్పుల గుట్ట పడి ఉంటే బీరువా లోపలికి రాదు కదా! మీ డిస్క్‌లో అలాంటి గడప ఒకటుంది. సిస్టమ్ ఆన్ చేయగానే విండోస్‌ను లేపే ఫైళ్లు ఉండే చిన్న భాగం అది. మీ మెసేజ్‌లోని సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్ అదే. చాలా సిస్టమ్‌లలో దాని సైజు 100 ఎంబీ మాత్రమే. ఎస్‌ఎస్‌డీలోకి మారినప్పుడు మీవాళ్లు పాతదాన్ని ఉన్నది ఉన్నట్టు కాపీ చేశారు కాబట్టి, డిస్క్ కొత్తదైనా ఈ గది మాత్రం పాతదే, అదే సైజు. కొన్ని యాంటీవైరస్‌లు అందులో తమ ఫైళ్లు పెడతాయి. కొన్ని సిస్టమ్‌లు బయోస్ (విండోస్ కంటే ముందే లేచే ప్రోగ్రామ్) కాపీలను కూడా అక్కడే దాస్తాయి. కొత్త విండోస్ రావాలంటే అందులో కనీసం 15 ఎంబీ ఖాళీ కావాలి. మీకు వచ్చిన కోడ్‌కు ఎక్కువగా అర్థం అదే, అక్కడ చోటు లేదని.

విండోస్‌లో డిస్క్ భాగాల పట్టిక చూపే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే ఆ భాగం పక్కన ‘100 శాతం ఖాళీ’ అని ఉంటుంది. నమ్మకండి. దానికి డ్రైవ్ అక్షరం ఉండదు కాబట్టి లోపల ఏముందో ఆ పట్టికకు తెలియదు. ఆ అంకె చూసి నేనే ఒకసారి సగం రోజు పోగొట్టుకున్నాను.

అసలు లెక్క ఇలా చూడండి. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కండి. నల్ల తెర వస్తుంది. ఇంగ్లీషులో మౌంట్‌వాల్ (ఎం ఓ యూ ఎన్ టీ వీ ఓ ఎల్) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, వై, దాని పక్కనే కోలన్, మళ్లీ ఖాళీ, ముందుకు వాలిన గీత, ఎస్ కొట్టి ఎంటర్ చేయండి. తెర ఏమీ మాట్లాడదు. మాట్లాడకపోతే పని జరిగినట్టే. ఇప్పుడు వై, కోలన్ కొట్టి ఎంటర్. ఆ తర్వాత డీఐఆర్ అని కొడితే, చివరి వరుసలో ఎన్ని బైట్లు ఖాళీగా ఉన్నాయో చూపిస్తుంది. కోటిన్నర బైట్లంటే ఇంచుమించు 15 ఎంబీ. అంతకంటే తక్కువ ఉంటే మన అనుమానం నిజమే.

ఇక ఖాళీ చేయడం. సీడీ అని కొట్టి, ఖాళీ వదిలి, ఈఎఫ్‌ఐ, మైక్రోసాఫ్ట్, బూట్, ఫాంట్స్ అనే నాలుగు పేర్లను మధ్యలో వెనక్కి వాలిన గీతలు పెడుతూ వరుసగా కొట్టి ఎంటర్ చేయండి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మెరిసే గీతకు ముందు ఉన్న దారి వై కోలన్‌తో మొదలై, ఫాంట్స్‌తో ముగిసిందా? అలా ఉంటేనే తర్వాతి మాట. డీఈఎల్, ఖాళీ, చుక్కగుర్తు, చుక్క, మళ్లీ చుక్కగుర్తు. చుక్కగుర్తంటే ఎనిమిది అంకె మీద ఉండే నక్షత్రం. ఖాయమేనా అని అడుగుతుంది, వై కొట్టండి.

ఫాంట్స్ అనగానే మీ గుండె గుభేలుమని ఉంటుంది. మీ అను ఫాంట్లు వేరే చోట, సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో భద్రంగా ఉంటాయి. ఈ గదిలోవి విండోస్ లేచేటప్పుడు కనిపించే తెరల కోసం పెట్టినవి. అందులో చైనీస్, జపనీస్, కొరియన్ అక్షరాలు కూడా ఉంటాయి. జనగామ షాపులో వాటితో పని పడదు. పక్కన ఉన్న మిగతా ఫైళ్ల జోలికి మాత్రం పోవద్దు, అవి పోతే సిస్టమ్ లేవదు.

మళ్లీ డీఐఆర్ కొట్టి లెక్క చూసుకోండి. 15 ఎంబీ దాటితే, మొదట కొట్టిన మౌంట్‌వాల్ వరుసనే మళ్లీ కొట్టి, చివర ఎస్‌కు బదులు డీ పెట్టండి. తలుపు మూసుకుంటుంది. రీస్టార్ట్ చేసి అప్‌డేట్ మొదలుపెట్టండి. అప్పటికీ చోటు చాలకపోతే ఆ భాగాన్ని పెంచాలి. అది మాత్రం డిస్క్ పార్టిషన్లతో బాగా అలవాటున్న చేయి చేయాల్సిన పని, ఫోన్‌లో వీడియో చూస్తూ చేసేది కాదు.

మొదలుపెట్టే ముందు పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి తీసుకోండి. ముఖ్యంగా డెస్క్‌టాప్ మీద ఉన్నవి. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే. ఈ సంగతి నేను ఒక పురోహితుడి గారి సిస్టమ్ మీద నేర్చుకున్నాను. హనుమకొండలో షాపు పెట్టిన మొదటి ఏడాది. ‘ఫైళ్లన్నీ డీలోనే ఉన్నాయి’ అన్నారాయన. నేను చూసుకోకుండా సీ ఫార్మాట్ కొట్టేశాను. ముహూర్తాల లెక్కలన్నీ డెస్క్‌టాప్ మీద ‘కొత్త ఫోల్డర్’ అనే పేరుతో ఉన్నాయట. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో.

డిస్క్‌కు విండోస్ వేసే తాళం, అదే బిట్‌లాకర్, ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. అను డిస్క్, దాని కీ కూడా చేతికందేలా ఉంచుకోండి. 11లోకి వచ్చాక ఏదైనా మొరాయిస్తే, పది రోజుల లోపు సెట్టింగ్స్‌లోని రికవరీలోకి వెళ్లి మళ్లీ 10కి రావచ్చు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తోనే ముగిసింది కాబట్టి మారడం మంచిదే. కానీ పెళ్లిళ్ల సీజన్ మధ్యలో ఈ పని పెట్టుకోకండి. మూఢం రానివ్వండి. మీకూ తీరిక, సిస్టమ్‌కూ తీరిక.

ప్రశ్న: లాప్‌టాప్ అప్‌డేట్ 35 శాతం దగ్గర రెండు గంటలుగా ఆగి ఉంది. పవర్ బటన్ నొక్కేయనా? ప్రాజెక్ట్ ఇవ్వాల్సిన తేదీ దగ్గరపడింది.
- ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: ఛార్జర్ పెట్టే ఉందా? పక్కన చిన్న లైటు మినుకుమినుకుమంటోందా? అయితే వదిలేసి పడుకోండమ్మా. పాత హార్డ్ డిస్క్ అయితే ఒక్కోసారి రాత్రంతా పడుతుంది, శాతం మాత్రం కదలదు. తెల్లారినా అదే అంకె ఉండి, లైటు కూడా చచ్చిపోయి ఉంటే, అప్పుడు బటన్‌ను పది సెకన్లు నొక్కిపట్టి ఆపండి. మళ్లీ ఆన్ చేస్తే చాలాసార్లు తనే మార్పులు వెనక్కి తీసుకుని లేస్తుంది. వరుసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే నీలం రంగు రిపేర్ తెర దానంతటదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లోకి వెళ్లి చివరి క్వాలిటీ అప్‌డేట్ తీసేయండి. ‘రీసెట్ దిస్ పీసీ’ కూడా అక్కడే ఊరిస్తూ ఉంటుంది. ప్రాజెక్ట్ కాపీ చేతిలో లేకుండా దాన్ని ముట్టుకోకండి.

ప్రశ్న: ఫోన్ హాట్‌స్పాట్ పెడితే చాలు, రోజూ వచ్చే ఒకటిన్నర జీబీని అప్‌డేటే తాగేస్తోంది. దాన్ని శాశ్వతంగా ఆపే దారి చెప్పండి.
- ఒక గృహిణి, బెంగళూరు

జవాబు: శాశ్వతంగా ఆపే దారి నేను చెప్పను. తాళం తీసేసి ఊరెళ్లమన్నట్టు ఉంటుంది. వైఫై సెట్టింగ్స్‌లో మీ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేయండి. దాని మీద చాలావరకు అప్‌డేట్లు దిగవు. ‘పాజ్ అప్‌డేట్స్’లో ఐదు వారాల దాకా వాయిదా కూడా వేయవచ్చు. నెలకోసారి వైఫై ఉన్న చుట్టాలింటికి వెళ్లినప్పుడు లాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. కాఫీ తాగి కబుర్లు చెప్పుకునేలోపు డౌన్‌లోడ్ అయిపోతుంది.