ఆగిపోయిన సావేజ్ 99 మీద ఇంకా ఇంత మోజు ఎందుకు?

పెన్సిల్వేనియాకో, న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర ప్రాంతాలకో ఉద్యోగరీత్యా వచ్చిన మనవాళ్ళలో కొందరు నవంబరు నెలలో ఒక సందేహం అడుగుతుంటారు. ఆఫీసులో కలిసి పనిచేసే అమెరికన్ మిత్రుడు జింకల వేటకు రమ్మన్నాడు, తాతగారి నాటి సావేజ్ 99 రైఫిల్‌ను ఎంతో మురిపెంగా చూపించాడు. తయారీ ఆగిపోయి పాతికేళ్ళు దాటిన తుపాకికి ఈ ఆదరణ ఏమిటి, అమ్ముతానంటే మనం కొనవచ్చునా అన్నదే ఆ సందేహం.

ఆదరణకు మూలం దాని లోపలి పనితనంలో ఉంది. జమైకాలో పుట్టిన ఆర్థర్ సావేజ్ రూపొందించిన ఈ లీవర్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి పిడిని కిందికి దించి ఎత్తితే తరవాతి తూటా ఎక్కే రకం) న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికాలో 1899 మాడల్‌గా మొదలై, తరవాత 99గా పేరు స్థిరపడి, 1990ల చివరి వరకు తయారైంది. ఆ కాలంలో ఎక్కువమంది వాడిన వించెస్టర్ 94 వంటి లీవర్ రైఫిళ్ళలో తూటాలు గొట్టం కింద ఉండే మరో సన్నని గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. వెనుక తూటా కొన ముందు తూటా అడుగున మందును రగిల్చే ప్రైమర్‌కు ఆని ఉంటుంది కనుక, కొన సూదిగా ఉంటే తుపాకి పేలినప్పటి అదురుకు లోపలే మరొకటి పేలే ప్రమాదం ఉంది. అందుకే వాటిలో మొద్దు కొన తూటాలే వాడేవారు. అవి గాలిలో వేగం త్వరగా కోల్పోతాయి. సావేజ్ ఈ చిక్కును ఒక తిరిగే చక్రంతో తప్పించాడు. తూటాలు ఐదూ చక్రం చుట్టూ ఎవరి గాడిలో వారన్నట్టు కూర్చుంటాయి కనుక కొన సూదిగా ఉన్నా భయం లేదు. 1915లో చార్లెస్ న్యూటన్ రూపొందించిన 250-3000 తూటా సెకనుకు మూడు వేల అడుగుల వేగాన్ని అందుకోవడం, 1920లో 300 సావేజ్ తూటా రావడం ఈ ఏర్పాటుకు చక్కగా అమరాయి.

పాత సావేజ్ 99లలో ఎడమ పక్కన ఒక చిన్న కిటికీ ఉంటుంది. అందులో ఇత్తడి మీద చెక్కిన అంకె లోపల ఇంకా ఎన్ని తూటాలు మిగిలాయో చెబుతుంది. బయటకు పొడుచుకు వచ్చే సుత్తి లేకపోవడంతో కోటుకో, పొదకో తగులుకోదు. ఖాళీ తొడుగులు పైకి కాక పక్కకు ఎగురుతాయి కనుక పైన టెలిస్కోపు బిగించుకోవచ్చు. పాత వించెస్టర్‌లో ఆ సౌకర్యం లేదు.

ఇంత చక్కని వస్తువును ఎందుకు ఆపేశారంటే, ఖర్చు భరించలేక. ఉక్కు ముద్దల నుంచి ఒక్కొక్క భాగాన్నీ చెక్కి తీయవలసిన ఈ యంత్రం, 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 వంటి సులభమైన బోల్టు రైఫిళ్ళ (చేత్తో కడ్డీని వెనక్కి లాగి ముందుకు తోసి తూటా ఎక్కించేవి) ముందు ధరలో నిలవలేకపోయింది. నిష్పక్షపాతంగా చెప్పాలంటే గురి విషయంలో నేటి చవక బోల్టు రైఫిల్ దీనికి ఏమీ తీసిపోదు. అయితే పెద్ద జంతువుల వేటలో ఒక్కో గుండు పేలగానే తరవాతి తూటా దానంతటదే ఎక్కే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను పెన్సిల్వేనియా నేటికీ అనుమతించదు. రెండవ గుండు వెంటనే పేల్చాలనుకునే వారికి లీవర్ మీద మక్కువ అక్కడ నిలవడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక చేయాలి. తొలినాళ్ళ సావేజ్‌లలో చాలావాటి మీద 303 అని ఉంటుంది. మన పోలీసుల చేతుల్లో చూసిన త్రీనాట్‌త్రీకి, దీనికి సంబంధం లేదు. అది బ్రిటిష్ తూటా, ఇది సావేజ్ సొంత తూటా. ఒకదానికి బదులు మరొకటి వాడకూడదు. పైగా 303 సావేజ్ తూటాలు ఇప్పుడు దొరకడం కష్టం.

ఇక కొనుగోలు సంగతి. హెచ్‌-1బి, ఎఫ్‌-1 వంటి వీసాల మీద ఉన్నవారు తుపాకిని గాని, తూటాలను గాని కొనడమే కాదు, తమ దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ వీసా నిషేధం వర్తించదు. దుకాణంలో తుపాకి కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం 4473లో అబద్ధం రాస్తే అది వేరే నేరమవుతుంది, తుపాకి నేరం దేశబహిష్కరణకు దారి తీయవచ్చు. కాబట్టి మిత్రుడు ఆప్యాయంగా చేతికి అందించినా, ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. రాష్ట్ర చట్టాలు ఇంకా కఠినంగా ఉండవచ్చు. పెన్సిల్వేనియాలో తొలిసారి లైసెన్సు తీసుకునేవారు వేట శిక్షణ పూర్తి చేయాలి, రైఫిల్ సీజనులో తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు ధరించాలి. ఒహాయోలో ఉన్నవారు 300 సావేజ్ కొనేముందు ఆగాలి, ఎందుకంటే అక్కడ జింకల వేటకు రైఫిళ్ళలో నిటారు గోడల తూటాలవాటికే, అంటే 300 సావేజ్‌లా తొడుగు మూతి వైపు సన్నబడని తూటాలవాటికే, అనుమతి.

ఇవన్నీ సరిపోయి, కొనడానికే నిశ్చయించుకుంటే, ముందుగా తుపాకి ఖాళీగా ఉందో లేదో చూసుకుని, లోహభాగం కొయ్యలోకి చొచ్చుకుపోయే చోట పగుళ్ళు ఉన్నాయేమో వెలుతురులో పరిశీలించండి. ఈ రైఫిళ్ళు ఎక్కువగా చిట్లేది అక్కడే. టెలిస్కోపు కోసం ఎవరో ఇంట్లో తొలిచిన అదనపు రంధ్రాలు పైన కనిపిస్తే, అమ్మే మనిషి ఎంత పాతదని చెప్పినా సరే, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.