‘పరిశోధనా విశ్వవిద్యాలయం’ అంటే మా అమ్మాయి అక్కడ ఏం చేస్తుంది?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఎనిమిదెకరాల్లో రొయ్యల చెరువులు చేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. నీట్ వద్దు, తిరుపతిలో ఐసర్ అని కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉందట, అందులో చదువుతానంటోంది. మొన్న విజయవాడలో ఎడ్యుకేషన్ ఫెయిర్‌కి తీసుకెళ్తే ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు ‘పరిశోధనే మా ప్రాణం, విద్యార్థే మా కేంద్రం’ అని అచ్చేసిన రంగుల పుస్తకం చేతిలో పెట్టారు. ఐసర్ వాళ్లు చెప్పేదీ ఇదేనా? తేడా ఎలా తెలుస్తుంది? డాక్టరూ కాకుండా, ఇంజనీరూ కాకుండా పదేళ్లు ఏం చదువుతుంది? సంపాదన ఎప్పుడు మొదలవుతుంది? ఇంకొక్కటి, మైక్రోస్కోప్ కొనమని గొడవ చేస్తోంది. కొనమంటారా?

జవాబు: నమస్కారమండీ. మైక్రోస్కోప్ సంగతి చివర్లో చెప్తాను. ముందు మీ చెరువు గట్టు మీదే కూర్చుని మాట్లాడుకుందాం.

కొత్త పంటకి సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, దింపే ముందు మీరు శాంపిల్ పట్టుకుని ల్యాబ్‌కి వెళ్తారు. పీసీఆర్ టెస్టులో వైట్ స్పాట్ వైరస్ నెగెటివ్ అని కాగితం చేతికొస్తేగానీ హేచరీ వాళ్లకి సరేనని చెప్పరు. 1990ల మధ్యలో టైగర్ రొయ్య వేసిన పెద్దవాళ్లకి ఆ కాగితం లేదు. జబ్బు వచ్చిందని తెలిసేసరికి రొయ్య గట్టుకొచ్చేసేది. పెట్టుబడి మొత్తం నీళ్లలో కలిసేది.

ఈ పీసీఆర్ పద్ధతిని 1983లో కనిపెట్టింది కేరీ ముల్లిస్ అనే అమెరికన్. పదేళ్ల తర్వాత ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. శాంపిల్‌లో వైరస్ డీఎన్ఏ కొంచెమే ఉన్నా దొరికేలా, విడతవిడతకీ దాన్ని రెట్టింపు చేస్తూ పోవడమే ఈ టెస్టు. ప్రతి విడతకీ డీఎన్ఏని 90 డిగ్రీలు దాటించి వేడిచేయాలి. డీఎన్ఏకి కాపీ తీసే ఎంజైమ్ మామూలుదైతే ఆ వేడికి పాడైపోతుంది. అందుకని మొదట్లో విడతవిడతకీ ఎంజైమ్‌ని మళ్లీ మళ్లీ పోయాల్సి వచ్చేది. తర్వాత, అంత వేడినీ తట్టుకునే ఎంజైమ్ ఉన్న బాక్టీరియా ఒకటి అప్పటికే ఎవరి దగ్గరో ఉందని తెలిసింది. అది అమెరికాలో ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో దొరికింది. థామస్ బ్రాక్ అనే ప్రొఫెసర్ దగ్గర పనిచేస్తూ 1966లో దాన్ని వేరుచేసి పెంచినవాడు హడ్సన్ ఫ్రీజ్. అప్పటికి అతను పీహెచ్‌డీ కూడా కాదు, ఇండియానా యూనివర్సిటీలో డిగ్రీ కుర్రాడు. ఉడికే నీళ్లలో ఏం బతుకుతుందో చూద్దాం అన్నది తప్ప ఆ పనికి ఇంకో లక్ష్యం లేదు. రొయ్యలు ఎవరికీ గుర్తే లేవు. 1969లో ఆ ఇద్దరి పేర్లతో పేపర్ వచ్చింది.

పరిశోధనా విశ్వవిద్యాలయం అంటే నాకు తెలిసిన అర్థం అదే. డిగ్రీ చదివే పిల్లకి ఒక బల్ల, ఒక ప్రశ్న, పక్కన కూర్చోబెట్టుకునే ఒక ప్రొఫెసరు దొరికే చోటు. ‘విద్యార్థే కేంద్రం’ అన్న మాటకి కూడా నేను ఇంతకంటే పెద్ద అర్థం చెప్పను. ఏసీ హాస్టలూ, స్విమ్మింగ్ పూలూ బాగానే ఉంటాయి, కాదనను. కానీ వాటికీ ఈ మాటకీ సంబంధం లేదు.

నేను డిగ్రీ చదివిన కాలేజీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ఎలా జరిగేవో చెప్తే నవ్వుతారు. టైట్రేషన్‌లో ఎంత రీడింగ్ రావాలో సీనియర్ల రికార్డులో ముందే ఉండేది. మేం దాన్ని చూసి వెనక్కి లెక్క కట్టి, మధ్యలో ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ మార్చి రాసేవాళ్లం, మరీ కాపీలా కనిపించకూడదని. మూడేళ్లలో ఒక్కసారి కూడా ‘ఇది ఏమవుతుందో నాకు తెలీదు, నువ్వు చేసి చెప్పు’ అని ఎవరూ అనలేదు. డిగ్రీ చేతికొచ్చింది, ఫస్ట్ క్లాసే. ఏం నేర్చుకున్నావంటే రికార్డు నీటుగా రాయడం.

ఇక ఐసర్. దేశంలో ఏడున్నాయి. 2006లో పుణె, కోల్‌కతాలతో మొదలయ్యాయి. రాష్ట్ర విభజన చట్టంలో ఆంధ్రప్రదేశ్‌కి ఇస్తామన్న సంస్థల జాబితాలో ఐసర్ కూడా ఉంది. అలా 2015లో తిరుపతిది వచ్చింది. మొదట్లో తిరుపతిలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలో నడిపారు. ఇప్పుడు సొంత క్యాంపస్ శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఏర్పేడు దగ్గర. అక్కడ ఇంటర్ అయ్యాక చేరే ప్రధాన కోర్సు బీఎస్-ఎంఎస్. ఐదేళ్లు. ముందు అందరూ ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, బయాలజీ చదవాలి. తర్వాత ఒక సబ్జెక్టు వైపు వెళ్తారు. ఐదో ఏడాది క్లాసులకంటే ఎక్కువగా థీసిస్సే. ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేరి సొంతంగా ఒక ప్రశ్న పట్టుకుని పనిచేసి, రాసి, కమిటీ ముందు నిలబడి చెప్పుకోవాలి. ఈ థీసిస్‌ని వేరే సంస్థకి వెళ్లి చేసేవాళ్లూ ఉన్నారు. ఇక వేసవి సెలవుల్లో వేరే ల్యాబ్‌లకి పోవడం ఈ పిల్లల్లో మామూలు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి రెండు నెలల సమ్మర్ ఫెలోషిప్ ఇస్తాయి. ఇది ఐసర్ వాళ్లకే కాదు, మామూలు డిగ్రీ కాలేజీ పిల్లలకీ వస్తుంది. మన కాలేజీల్లో ఆ నోటీసు బోర్డుకి ఎక్కకపోవడమే చూశాను నేను.

పరీక్ష పేరు ఐఏటీ. ఐసర్‌లో చేరడానికి ఇప్పుడు ఇదొక్కటే దారి. పాత పుస్తకాల్లో కేవీపీవై, జేఈఈ అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది, పట్టించుకోకండి. మూడు గంటలు, 60 ప్రశ్నలు, నాలుగు సబ్జెక్టులకీ పదిహేనేసి. సరైన జవాబుకి 4 మార్కులు, తప్పుకి 1 కోత, మొత్తం 240. ఇక్కడే మన ఇంటర్ పిల్లలకి టెన్షన్. బైపీసీ వాళ్లు లెక్కలు చూసి భయపడతారు, ఎంపీసీ వాళ్లు బయాలజీ చూసి. మీ అమ్మాయి లెక్కల ప్రశ్నలు పూర్తిగా వదిలేసినా 45 ప్రశ్నలు, 180 మార్కులు చేతిలో ఉంటాయి. కానీ నా సలహా, వదిలేయకూడదు. పదో తరగతి లెక్కలు గట్టిగా వచ్చి ఉంటే, ఇంటర్ లెక్కల్లో తేలికైన నాలుగైదు పాఠాలు ఈ ఆరు నెలల్లో పట్టుకోవచ్చు. మార్కులకంటే ముఖ్యంగా, సీటొచ్చాక మొదటి ఏడాది లెక్కలు తప్పవు. బైపీసీ నుంచి వెళ్లిన పిల్లలు ఏడ్చేది అక్కడే. ముందే కాస్త తడి తగిలితే పంట నిలబడుతుంది. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి 55.

ఒక మాట ముందే అనుకోండి. ర్యాంకు ఒక్కటే, ఏడు ఐసర్లకీ ఆప్షన్లు పెట్టుకోవాలి. తిరుపతే వస్తుందని లేదు. మొహాలీ రావచ్చు, బరంపురం రావచ్చు. ‘దగ్గరైతేనే పంపిస్తా’ అనే ఆలోచన మీకుంటే ఇప్పుడే ఇంట్లో తేల్చుకోండి, కౌన్సెలింగ్ రోజున కాదు. అదే ఐఏటీ మార్కులతో బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ల నాలుగేళ్ల డిగ్రీకి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు కానీ, దానికి ఇంటర్‌లో లెక్కలు చదివి ఉండాలి.

ఇప్పుడు మీకిచ్చిన రంగుల పుస్తకం సంగతి. ప్రైవేటు యూనివర్సిటీ అనగానే కొట్టిపారేయను. నిజంగా మంచి ల్యాబ్‌లు పెట్టినవీ ఉన్నాయి. గవర్నమెంటుది అనగానే దండం పెట్టను కూడా. పుస్తకం వదిలేసి ఒకరోజు క్యాంపస్‌కి వెళ్లండి. అడ్మిషన్ ఆఫీసు వాళ్లు ఎలాగూ లైబ్రరీ, ఆడిటోరియం చూపిస్తారు. మీరు లైబ్రరీలో పోయినేడు చివరి సంవత్సరం పిల్లలు రాసిన థీసిస్‌లు చూపించమనండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, అమ్మాయి చూస్తుంది. థీసిస్‌ల పేర్లన్నీ ఒకేలా ఉంటే, ఒకే మూసలో పోసినట్టుంటే అర్థమైపోతుంది. సాయంత్రం ఆరు తర్వాత ల్యాబ్‌ల వైపు నడవండి. తాళాలు పడి ఉన్నాయా, లైట్లు వెలుగుతున్నాయా? నేనైతే ఈ ఒక్క పరీక్షనే ఎక్కువ నమ్ముతాను. రాత్రి ఎనిమిదింటికి రబ్బరు చెప్పులేసుకుని టీ తాగుతూ ల్యాబ్ మెట్ల మీద పిల్లలు వాదించుకుంటున్నారంటే ఆ చోటు బతికున్నట్టే. పీహెచ్‌డీ చేసేవాళ్లు ఎంతమంది, వాళ్లకి ఫెలోషిప్ ఎవరిస్తున్నారు అని అడగండి. డబ్బు కట్టి పీహెచ్‌డీ చేసేవాళ్లే ఎక్కువుంటే నాకు అనుమానమే. మొదటి ఏడాది పాఠాలు ఎవరు చెప్తారు? గైడ్‌తో పడకపోతే మార్చుకునే వీలుందా? చివరి ప్రశ్నకి అడ్మిషన్ ఆఫీసులో జవాబు దొరకదు, క్యాంటీన్‌లో దొరుకుతుంది. ‘ఏటా ఇన్ని వేల పేపర్లు అచ్చేశాం’ అని గోడ మీద రాసుంటే నేను పెద్దగా మురిసిపోను. డబ్బు కడితే ఏదైనా అచ్చేసే పత్రికలు బోలెడున్నాయి. కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకి ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు చూడండి కానీ, మొత్తం ర్యాంకులో పరిశోధన వాటా 30 శాతమే అని గుర్తుంచుకోండి.

సంపాదన గురించి సూటిగానే చెప్పాలి. ఐదేళ్ల చదువయ్యాక పీహెచ్‌డీ తప్పనిసరేం కాదు. ఫార్మా కంపెనీల్లో, డేటా విశ్లేషణలో, పేటెంట్ల పనిలో చేరేవాళ్లు, సివిల్స్ రాసేవాళ్లు, టీచర్లు అయ్యేవాళ్లు ఉన్నారు. కానీ బీటెక్ క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాంటిది ఊహించుకుని పంపకండి. అది ఆ చోటు పని కాదు. ఎక్కువమంది పీహెచ్‌డీ వైపే వెళ్తారు. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37 వేలు, తర్వాత 42 వేలు, హాస్టల్ లేకపోతే ఇంటద్దె అదనం. 2023 జనవరి నుంచి ఇవీ రేట్లు. అంటే ఇరవై మూడేళ్లకి తన ఖర్చు తనే చూసుకుంటుంది. పదేళ్లూ మీ జేబులోంచే పోతుందనుకోకండి. చదువుకునే రోజుల్లోనూ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది. ఇంటర్ బోర్డులో పై ఒక శాతంలో నిలిచి సైన్స్ డిగ్రీ చదివేవాళ్లకి ఏడాదికి 80 వేలు.

అయితే స్థిరమైన ఉద్యోగం ముప్పై దాటాకే, చాలామందికి. పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్ అని రెండు మూడేళ్లు ఎక్కడెక్కడో తిరగాలి. మధ్యలో ఏడాదిపాటు ఒక్క ప్రయోగమూ పనిచేయని రోజులుంటాయి. పట్టుబడి దాకా డబ్బు మొహం చూడకపోవడం మీకు అలవాటే. ఇక్కడ మేత ఖర్చు మాత్రం ఆ ఫెలోషిప్పే పెట్టుకుంటుంది. మీరు రాయలేదు కానీ, ఆడపిల్ల పెళ్లి సంగతి మీ మనసులో ఉంటుంది. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసే మహిళలకి 240 రోజుల దాకా ప్రసూతి సెలవు, పూర్తిచేయడానికి రెండేళ్ల అదనపు గడువు ఉన్నాయి. పెళ్లయి, బిడ్డతో థీసిస్ సమర్పించిన అమ్మాయిలు నాకు తెలుసు. తేలికని వాళ్లెవరూ చెప్పలేదు.

ఐఏటీ ఒక్కటే నమ్ముకోవద్దు. సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయించండి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి అదే పరీక్ష. 1974లో పెట్టిన ఆ యూనివర్సిటీలో పరిశోధన చేసేవాళ్ల సంఖ్య మొదటినుంచీ ఎక్కువ. కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ లాంటి సంస్థలున్నది కూడా ఆ ఊళ్లోనే. ఈఏపీసెట్ కూడా రాయించండి. మత్స్యశాస్త్రం డిగ్రీ బీఎఫ్ఎస్‌సీలో సీటు వస్తే అది చిన్నచూపు చూసే చదువు కాదు. చేపలు, రొయ్యల మీద పరిశోధనకి ఆ దారి నుంచి కూడా వెళ్లొచ్చు. చెన్నైలో ఉప్పునీటి ఆక్వా మీద పనిచేసే కేంద్ర సంస్థ సీబా ఉంది. వనామీ తల్లి రొయ్యల్ని మనం విదేశాల నుంచి తెప్పించుకుంటున్నాం కదా, మన తెల్ల రొయ్యని పెంపకానికి సిద్ధం చేయాలని వాళ్లు పనిచేస్తున్నారు. అమ్మాయికి ఆ సంస్థ గురించి తెలుసో లేదో అడగండి.

మైక్రోస్కోప్ ఇప్పుడే కొనకండి. వచ్చే ఆదివారం, మీరు సీడ్ టెస్టుకి వెళ్లే ల్యాబ్ ఆయన్ని అడిగి, అమ్మాయిని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ కూర్చోనివ్వండి. వాళ్ల మైక్రోస్కోప్‌లో మీ చెరువు నీళ్లు చూస్తుంది, పీసీఆర్ ఎలా చేస్తారో చూస్తుంది. ఆ మిషన్ నడవడానికి చాలాసేపు పడుతుంది, ఊరికే ఎదురుచూడాలి. ఇంటికొచ్చాక విసుగొచ్చిందంటుందో, మళ్లీ వచ్చేవారం వెళ్తానంటుందో చూసి నాకు ఇంకో ఉత్తరం రాయండి.