గొంగడి పోగుకు 29 అక్షరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఎఫ్ అక్షరం మీదనే ఉన్నాయి. మిగతావాళ్లు వచ్చే నెల దాకా కొంచెం ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, మా పాప తొమ్మిదో తరగతి. ఎఫ్‌తో మొదలయ్యే పొడుగు మాటలు తెమ్మన్నారట స్కూల్లో. ఎవరి మాట పొడుగైతే వాళ్లు గెలిచినట్టు. ఫోన్‌లో వెతికి ‘ఫ్లాక్సినాసినైహిలిపిలిఫికేషన్’ అని ఒకటి పట్టుకొచ్చింది. రెండు రోజులుగా ఇంట్లో అదే జపం. దానికి అర్థం ఉందా, లేక పిల్లలను ఆడించడానికి చేసిన మాటా?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: అర్థం ఉందమ్మా. ఒకదాన్ని ‘దీనికేం విలువ ఉంది’ అని తీసిపారేయడం. అంత చిన్న పనికి 29 అక్షరాలు. అందులో ఐ తొమ్మిది సార్లు వస్తుంది. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే ‘ఈ’ (E) అక్షరం మాత్రం ఒక్కసారి కూడా లేదు. పాపను లెక్కపెట్టి చూసుకోమనండి, స్పెల్లింగ్ దానంతటదే వచ్చేస్తుంది.

నేను క్లాసులో ఐదుగురిని నిలబెట్టి తలా ఒక ముక్క ఇచ్చేవాణ్ని. ఫ్లాక్సి, నాసి, నైహిలి, పిలి, ఫికేషన్. మొదటి నాలుగూ లాటిన్ మాటలు. ఫ్లాక్సి అంటే ఉన్ని పోగు. మన దగ్గర గొంగడి నేసేచోట కింద రాలి గాలికి కొట్టుకుపోతుందే, అది. నాసి అంటే పనికిమాలిన చిన్న వస్తువు. మన ‘నాసిరకం’తో దీనికి చుట్టరికం లేదు కానీ, గుర్తు పెట్టుకోవడానికి పనికొస్తుంది. నైహిలి అంటే ఏమీ లేనిది. పిలి అంటే వెంట్రుక. ‘ఫలానా దాన్ని ఉన్ని పోగంత కూడా లెక్కచేయను’ అనడం లాటిన్‌లో మామూలే. ఇంగ్లండ్‌లో పిల్లలు లాటిన్ వ్యాకరణంలో ఇలాంటివన్నీ ఒక వరసలో బట్టీ పట్టేవారు. ఎవరో కొంటెవాడు ఆ నాలుగింటినీ ఒకే తాడుకు కట్టేశాడు. విలియం షెన్‌స్టన్ అనే కవి 1741లో రాసిన ఒక ఉత్తరంలో, డబ్బును లెక్కచేయని ఒకాయన గురించి చెబుతూ ఈ మాట వాడాడు.

నన్నడిగితే ఇదే పని మన ‘తృణీకారం’ నాలుగు అక్షరాల్లో చేస్తుంది. తృణం అంటే గడ్డిపోచ. వాళ్లకు ఉన్ని, మనకు గడ్డి. అంత పండితుల మాట ఎందుకనుకుంటే ‘పూచికపుల్లలా తీసిపారేశాడు’ అనండి. మా అమ్మ అయితే ‘వాడు ఎవ్వర్నీ ఖాతరు చెయ్యడు’ అని ఒక్క ముక్కలో తేల్చేసేది.

పాప దగ్గర ఇంకో రెండు మాటలు ఉంచండి. ‘ఫ్లిబర్టిజిబెట్’, 15 అక్షరాలు, అంటే నిలకడ లేని వాగుడుకాయ. షేక్‌స్పియర్ తన ‘కింగ్ లియర్’ నాటకంలో ఒక దయ్యానికి ఈ పేరు పెట్టాడు. ‘ఫాస్టిడియస్‌నెస్’, 14 అక్షరాలు, ఏది పెట్టినా వంక వెతికే గుణం. పెళ్లికి పోయి బగారన్నంలో లవంగాలు ఒక్కొక్కటే ఏరి ఆకు అంచున పేర్చే మా బావది అదే.

ప్రశ్న: ట్యూబ్‌లైట్‌ను ‘ఫ్లోరసెంట్’ అంటారు కదా, అందులో ఫ్లోరైడ్ ఉంటుందా సార్?
– డిగ్రీ విద్యార్థి, కల్వకుర్తి

జవాబు: దాని కోసం పెట్టిన పేరు కాదు. ఫ్లోర్‌స్పార్ అనే రాయి ఉంది, అది కాల్షియం ఫ్లోరైడే. కొన్ని రకాల ఫ్లోర్‌స్పార్ మీద కంటికి కనబడని అతినీలలోహిత కాంతి పడితే నీలంగా మెరుస్తుంది. 1852లో జార్జ్ స్టోక్స్ ఆ రాయి పేరు మీదనే ‘ఫ్లోరసెన్స్’ అనే మాట చేశాడు. ట్యూబ్‌లైట్‌లో పని అట్లాగే జరుగుతుంది కాబట్టి దానికీ ఆ పేరు అంటుకుంది.

ప్రశ్న: ‘ఫ్లోరిడేషన్ వల్ల నల్లగొండ ప్రజలు బాధపడ్డారు’ అని మా బాబు వ్యాసంలో రాస్తే టీచర్ ఎర్ర సిరాతో కొట్టేశారు. తప్పేముంది?
– ఒక తండ్రి, మర్రిగూడ

జవాబు: టీచర్‌దే కరెక్టు. బాబును ఏమీ అనకండి, ఈ తప్పు నేనూ చేశాను.

ఫ్లోరిడేషన్ అంటే నీళ్లలో ఫ్లోరైడ్‌ను కావాలని కలపడం. పళ్లు పుచ్చిపోకుండా ఉండాలని అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ ఊరిలో 1945లో మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ లీటరుకు 0.7 మిల్లీగ్రాములు చాలంటారు. లీటరుకు 1.5 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన బోర్లలో దానికి ఎన్నో రెట్లు పడింది. మీ మర్రిగూడ వాళ్లకు నేను చెప్పాలా? మనం పడ్డది ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బు. దాన్ని తప్పించడానికి చేసేది డీఫ్లోరిడేషన్, నీళ్లలోంచి తీసేయడం.

ఇక నా సంగతి. అప్పట్లో నేను పనిచేసే ఊరికి నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు కావాలని పెద్దమనుషులు అర్జీ పెట్టాలనుకున్నారు. ఇంగ్లీషులో ఉంటే బరువుంటుందని ఆ పని నాకు అప్పజెప్పారు. రాత్రంతా కూర్చుని రెండు పేజీలు రాశాను. నల్లగొండ గడియారం దగ్గర టైపు చేయించి, సర్పంచితో కలిసి ఆఫీసుకు వెళ్లాం. అక్కడి సారు చదివి, కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు. “సార్, మీ నీళ్లల్ల ఉన్నది సాలదా? ఇంకా కలపమంటరా?”

రెండు పేజీల్లోనూ ‘ఫ్లోరిడేషన్ ప్లాంటు’ అనే ఉంది. సర్పంచికి అర్థం కాలేదు కానీ సారు నవ్వాడని తనూ నవ్వాడు. అదే టేబుల్ మీద పెన్ను అడుక్కుని, ఏడు చోట్ల ముందు ‘డీ’ తగిలించి ఇచ్చాను.

ఏడాది తిరిగాక ప్లాంటు వచ్చింది. అది నల్లగొండ టెక్నిక్‌తో నడిచేది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో తయారుచేసి మన జిల్లా పేరు పెట్టిన పద్ధతి. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలుపుతారు. ముందు గిర్రున, తర్వాత నెమ్మదిగా. పిల్లలను తీసుకుపోయి గాజు గ్లాసులో చేసి చూపించాను. కాసేపటికి నీళ్లలో తెల్లగా పింజలు పింజలుగా పుట్టి, ఒకదాన్నొకటి పట్టుకుని, మెల్లగా అడుగుకు దిగాయి. ఫ్లోరైడ్ ఆ పింజలను అంటుకుని దిగిపోతుంది. దీన్ని ‘ఫ్లాక్యులేషన్’ అంటారు. పైన దేవరకొండ అమ్మకు చెప్పిన ఉన్ని పోగే ఇందులోనూ ఉంది. పనికిరాదని రోమన్లు తీసిపారేసిన పోగు మా బడి పిల్లలకు మంచినీళ్లు ఇచ్చింది.

ఏడాదిన్నర బాగానే నడిచింది. తర్వాత పటిక కొనడానికి పైసలు లేక తాళం పడింది. ఇప్పుడు ఆ ఊరికి కృష్ణా నీళ్లు పైపుల్లో వస్తున్నాయి, ప్లాంటు గదిలో ఎవరో బర్రెలకు గడ్డి పెట్టుకున్నారు. పోయిన నెల ఒక పెళ్లికి వెళితే ఆ సర్పంచి నన్ను దూరం నుంచే గుర్తుపట్టి కేకేశాడు: “డీ సారూ, బాగున్నరా?”